క్రోనో ట్రిగర్: చేసింది మరచిపోని ఆట

క్రీస్తుశకం 1000వ సంవత్సరం. పోర్ అనే ఊళ్లో ఒక మేయర్. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. మనకు కావలసిన చంద్రశిల ఆయన ఇంట్లోనే ఉందని తెలిసిపోతూనే ఉంటుంది. అడిగితే అలాంటిదేమీ లేదు పొమ్మంటాడు. కత్తి దూసి లాక్కుందామంటే ఆట ఒప్పుకోదు. దారి వేరే ఉంది. అదే ఊళ్లోని హోటల్లో 9,900 గోల్డ్ పోసి ఎండుమాంసం కొనాలి. దాన్ని పట్టుకుని నాలుగు వందల ఏళ్లు వెనక్కి, 600వ సంవత్సరానికి వెళ్లాలి. అక్కడ ఆ ఊరి పెద్ద ఇంట్లో ఉన్న ఇల్లాలు మాంసం చూసి, పదివేలు ఇస్తాను, అమ్ముతారా అంటుంది. అమ్మితే చేతిలో వంద గోల్డ్ లాభం. డబ్బు వద్దని ఊరికే ఇచ్చేస్తే ఆమె ఆశ్చర్యపోతుంది. తన పిల్లలకు కూడా ఇలా పెట్టే గుణం నేర్పుతానంటుంది. తిరిగి 1000కి వచ్చి చూస్తే మేయర్ వేరే మనిషి. అడక్కుండానే శిల తెచ్చి చేతిలో పెడతాడు. నాలుగు వందల ఏళ్ల కింద ఒక పూట మాంసం ఉచితంగా పెట్టినందుకు ఒక వంశం బుద్ధే మారిపోయింది.

1995 మార్చి 11న జపాన్‌లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో ఆటల యంత్రం కోసం స్క్వేర్ సంస్థ విడుదల చేసిన ‘క్రోనో ట్రిగర్’ అనే వీడియో గేమ్‌లో ఇదొక పక్క పని మాత్రమే. ఆ శిల జోలికి పోకుండానే ఆట ముగించేయొచ్చు. కానీ ముప్ఫయ్యేళ్లు దాటినా ఈ పేరెత్తగానే జపనీస్ రోల్ ప్లేయింగ్ ఆటల (పాత్రల్ని నడిపిస్తూ కథలో ముందుకు సాగే ఆటల) అభిమానులు ఎందుకంత మెత్తబడిపోతారో తెలియాలంటే, లోకాన్ని కాపాడే పెద్ద కథకన్నా ఈ ఎండుమాంసం సంగతే ఎక్కువ పనికొస్తుంది. 2019లో చక్రవర్తి అకిహితో పాలనాకాలమైన హెయ్‌సెయ్ యుగం ముగుస్తున్న సందర్భంగా జపాన్ వీడియో గేమ్‌ల పత్రిక ఫామిట్సు, ఆ ముప్ఫయ్యేళ్లలో వచ్చిన ఆటల్లో ఏది గొప్పదని పాఠకుల్ని అడిగితే మొదటి స్థానం దీనికే దక్కింది. చిన్ననాటి జ్ఞాపకాల మహిమ అని తేల్చేయడం తేలికే. కానీ అదే కాలంలో, ఇంచుమించు అదే సొగసుతో వచ్చిన ఆటలు జపాన్‌లో బోలెడున్నాయి. వాటిలో చాలావాటిని ఇవాళ చరిత్ర తెలుసుకోవడానికి ఆడతారు తప్ప సరదాకి కాదు.

దీని పట్టు రెండు చోట్ల ఉంది. ఆడేవారు చేసిన పనిని ఈ ఆట గుర్తు పెట్టుకుంటుంది. ఆడేవారి సమయాన్ని తేరగా తీసుకోదు. కాలం గురించిన కథ చెప్పిన ఆటలు ఇంకా ఉన్నాయి. ఆ కథను తన నడకలోకి, మర్యాదలోకి కూడా తెచ్చుకున్న ఆటలు అరుదు. (కథ మలుపులన్నీ కింద బయటపడతాయి. తెలియకుండా ఆడాలనుకునేవారు ముందు ఆడి రావడం మంచిది.)

ఎవరి భోజనం తిన్నావు?

ఈ తరహా ఆటలకు పునాది 1986లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’. వాటితో పాటే ఒక ఆనవాయితీ కూడా స్థిరపడింది. కథానాయకుడు ఎవరింట్లోనైనా దూరొచ్చు, పెట్టెలు తెరవొచ్చు, దొరికింది సంచిలో వేసుకుని నడవొచ్చు. ఇంటివాళ్లు పక్కనే నిలబడి వాతావరణం గురించి మాట్లాడతారు. ఎవరూ ఏమీ అనరు, ఏదీ లెక్కలోకి రాదు. ఆడేవారు కూడా దీన్ని తప్పుగా అనుకోవడం ఎప్పుడో మానేశారు.

క్రోనో ట్రిగర్ ఆ అలవాటు మీదే దెబ్బ కొడుతుంది. ఆట మొదలయ్యేది గార్డియా రాజ్యం వెయ్యేళ్ల తిరునాళ్లలో. క్రోనో అనే కుర్రాడు గంట స్తంభం దగ్గర పరుగెత్తుకొస్తున్న ఒక అమ్మాయిని గుద్దుకుంటాడు. ఇద్దరూ పడతారు, అమ్మాయి మెడలోని పతకం దూరంగా పడుతుంది. ముందు అమ్మాయిని పలకరించొచ్చు, లేదా ముందు పతకం తీసుకోవచ్చు. ఆ పక్కనే ఒక ముసలాయన భోజనం పొట్లం బల్లమీద ఉంది. తింటే ఒంట్లో శక్తి వస్తుంది, కనుక అలవాటున్న చెయ్యి నేరుగా దానిమీదికే పోతుంది. ఒక పాప పిల్లి తప్పిపోయింది. వెతికి తేవచ్చు, వదిలేయొచ్చు. కత్తుల దుకాణంవాడు ఆ పతకం అమ్ముతావా అని అడుగుతాడు. మార్ల్ అనే ఆ అమ్మాయి మిఠాయి కొట్టు ముందు ఆగి ఏది కొనాలో తేల్చుకోలేక నిలబడుతుంది. ఓపిగ్గా ఆగొచ్చు, చెయ్యి పట్టి లాక్కుపోవచ్చు. ఇవేవీ పరీక్షలుగా కనిపించవు. తిరునాళ్లలో కాలక్షేపంలా ఉంటాయి.

కొన్ని గంటల ఆట గడిచాక క్రోనోను కోర్టులో నిలబెడతారు. ఆ అమ్మాయి మారువేషంలో వచ్చిన రాజకుమారి, ఆమెను ఎత్తుకుపోయాడన్నది అభియోగం. అక్కడ ఒక్కొక్కటే బయటికొస్తుంది. ఆ ముసలాయన సాక్షిగా వచ్చి నా భోజనం తిన్నాడంటాడు. పిల్లి దొరికిన పాప వచ్చి మంచివాడంటుంది. ముందు పతకమే తీసుకున్నావు కదా, ఆస్తికోసమే కదా ఆమె వెంటపడ్డావని మంత్రి నిలదీస్తాడు. ఏడుగురు జ్యూరీ సభ్యులు ఒక్కొక్కరే ఒక పక్కకు నడిచి తీర్పు చెబుతారు. మొదటిసారి ఆడుతున్నవారు ఇక్కడ అవాక్కవుతారు. పిల్లవాడి నేరం ఏమీ లేదు, కానీ ఆడుతున్న చేతికి కొంచెం సిగ్గేస్తుంది.

విచిత్రం ఏమిటంటే తీర్పు ఎటు వచ్చినా పెద్ద తేడా ఏమీ లేదు. నిర్దోషి అన్నా మూడు రోజులు జైలు, దోషి అన్నా అదే జైలు. మంత్రి కుట్రవల్ల రెండు దారులూ ఉరికంబం వైపే పోతాయి, తప్పించుకోవడమూ ఒకేలా సాగుతుంది. అంటే ఈ ఘట్టం కథను మార్చదు, ఆడేవారి చూపును మారుస్తుంది. ఇకమీద ఎవరింటి పెట్టె తెరిచినా ఒక అనుమానం వెంటాడుతుంది: దీన్ని ఎవరైనా చూస్తున్నారా? ఎప్పుడైనా అడుగుతారా? నిజానికి ఆ తర్వాత చాలావరకు ఎవరూ అడగరు. మొదటి రెండు మూడు గంటల్లోనే ఒక గట్టి అప్పు వసూలు చేసి, మిగతా ఆట అంతా ఆ భయం మీదే నడిపించడం రచయితల తెలివి. పెద్ద పెద్ద బడ్జెట్లతో, వందల ఎంపికలతో ఇప్పుడొస్తున్న ఆటల్లో చాలావాటికి ఈ కిటుకు అబ్బలేదు. మీ నిర్ణయాన్ని ఫలానా పాత్ర గుర్తుంచుకుంటుంది అని తెరమీద రాసి చూపిస్తాయి. ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పరు.

ఆ మంత్రి విషయానికి కూడా ఒక వెనక కథ ఉంది. 600వ సంవత్సరంలో మంత్రి వేషంలో రాణిని బంధించిన యాక్రా అనే రాక్షసుణ్ణి మొదట్లోనే చంపుతాం. 1000లో కోర్టు నడిపిన మంత్రి కూడా మనిషి కాదని, ఆ యాక్రా వంశంలో పదమూడో తరంవాడని చివర్లో తేలుతుంది. అంటే పగ కూడా నాలుగు వందల ఏళ్లు లెక్క రాసుకుంది.

ఒకటే పటం, ఎన్నో కాలాలు

ఆట మొత్తం 32 మెగాబిట్ల కార్ట్రిడ్జ్‌లో ఒదిగింది. అంటే నాలుగు మెగాబైట్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక ఫొటో అంత. బొమ్మలు, సంగీతం, సంభాషణలు, పోరాటాలు, పదికి పైగా ముగింపులు అన్నీ అందులోనే ఇరికించాలి. క్రీస్తుపూర్వం 6.5 కోట్ల ఏళ్ల నాటి ఆదిమ కాలం, క్రీస్తుపూర్వం 12,000, క్రీస్తుశకం 600, 1000, 1999, 2300, వీటన్నిటికీ బయట కాలాంతం అనే దీపస్తంభం ఉన్న చిన్న చోటు. ఇన్ని లోకాలు కొత్తగా గీయడం అయ్యే పని కాదు. అందుకే 600, 1000 సంవత్సరాల పటాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అదే కోట, అదే అడవి, అవే ఊళ్లు, కొన్నిచోట్ల అవే ఇళ్లు.

పొదుపు కోసం చేసిన పనే ఈ ఆటకు ప్రాణమైంది. ఒకే ఊరిని రెండు కాలాల్లో చూడటంవల్ల, ఇక్కడ ఏమి మారింది అనే ప్రశ్న తనంతట తానే పుడుతుంది. మెడీనా అనే ఊరు రాక్షసజాతిది. 1000లో అక్కడికి వెళితే మనుషులంటే పళ్లు నూరుతారు, దుకాణంలో కళ్లు తిరిగే ధర చెబుతారు, ఊరి నడిబొడ్డున పాత యుద్ధ నాయకుల విగ్రహం పెట్టుకుని మొక్కుతుంటారు. 600కి వెళ్లి ఆ నాయకుల్లో మిగిలినవాడైన ఆజీని అతని కోటలో ఓడించి వస్తే, అదే మెడీనాలో పగ మాట వినిపించదు, దుకాణంవాడు మామూలు ధరకే అమ్ముతాడు. ద్వేషం నేర్పిన పెద్దలు లేకపోతే మనవలకు అది తెలియదు అన్నంత పెద్ద విషయాన్ని ఒక దుకాణం ధరల పట్టీతో చెప్పేశారు.

నల్లటి మూతలున్న పెట్టెల సంగతి కూడా ఇలాంటిదే. మార్ల్ పతకానికి శక్తి నింపాక 600లో ఒక పెట్టె దగ్గరికి వెళితే పతకం స్పందిస్తుంది, తెరవాలా అని ఆట అడుగుతుంది. ఆశపడి తెరిస్తే ఒక వస్తువు దొరుకుతుంది. వద్దని వదిలేసి, 1000లో అదే పెట్టె తెరిస్తే నాలుగు శతాబ్దాలు ఊరిన మెరుగైన వస్తువు దొరుకుతుంది. ఆ తర్వాత 600కి తిరిగి వెళితే పాతదీ తీసుకోవచ్చు. తర్కానికి ఇది నిలవదు, పాతది ముందే తీసేస్తే కొత్తది ఎలా ఉంటుందని అడగకూడదు. కానీ ఆగినవాడికి లాభం అనే మాట ఇంతకన్నా హాయిగా చెప్పడం కష్టం.

తర్కం మాటకొస్తే ఈ ఆట దొరికిపోయే చోట్లు చాలానే ఉన్నాయి. 600లో మార్ల్‌ను చూసి అందరూ తప్పిపోయిన రాణి లీన్ అనుకుంటారు, వెతకడం ఆపేస్తారు. అసలు రాణి చనిపోయే పరిస్థితి వచ్చేసరికి ఆమె వంశంలో పుట్టిన మార్ల్ కళ్ల ముందే మాయమవుతుంది. ఇంత కటువైన నియమం ఆట మొదట్లో పెట్టినవారు తర్వాత దాన్ని పట్టించుకోరు. ఎన్ని యుగాలు తలకిందులు చేసినా మళ్లీ ఎవరూ అలా మాయం కారు. కాలయానం మీద పట్టుదల ఉన్నవారు ఇక్కడ ముఖం చిట్లిస్తారు, అందులో న్యాయం ఉంది. ఆదిమకాలపు వీరనారి ఐలా పాత్ర కూడా పలచన. గట్టిగా కొట్టడం, బాగా తినడం, సూటిగా మాట్లాడటం తప్ప ఆమెకు రచయితలు పెద్దగా ఏమీ ఇవ్వలేదు.

నాలుగు వందల ఏళ్ల వ్యవసాయం

ఇలాంటి లోపాలు ఎన్ని ఉన్నా మాఫీ చేయించగల ఘట్టం ఒకటుంది. 600లో ఫియోనా అనే ఆమె ఎడారిగా మారిన నేలను మళ్లీ అడవి చేయాలని తపిస్తుంది. ఒక మనిషి ఆయుష్షు దానికి చాలదు. 2300 నుంచి వెంట వచ్చిన యంత్రమానవుడు రోబో, నేను ఉండిపోతాను అంటాడు. అతణ్ణి అక్కడ వదిలి, మిగతా వాళ్లు కాలయంత్రం ఎక్కి 1000కి వస్తారు. ఆడేవారికి రెండు నిమిషాలు. అతనికి నాలుగు వందల ఏళ్లు. ఎడారి ఉన్న చోట దట్టమైన అడవి, నడుమ ఒక ఆలయం, అందులో పూజలందుకుంటున్న తుప్పుపట్టిన రోబో. క్రోనో స్నేహితురాలు లూకా అతణ్ణి బాగుచేస్తుంది. ఆ రాత్రి అందరూ నెగడు చుట్టూ కూర్చుంటారు. ఒక కాలం నుంచి ఇంకో కాలానికి దారితీసే ఈ కాలద్వారాలు ఎవరో తమ జీవితంలోని బాధపెట్టిన ఘడియల్ని మళ్లీ చూసుకోవాలనుకోవడంవల్ల తెరుచుకున్నాయేమో అని రోబో అనుమానం చెబుతాడు. అందరూ నిద్రపోయాక లూకా లేచి అడవిలోకి నడుస్తుంది. ఆమెకోసం ఎర్రటి ద్వారం ఒకటి తెరుచుకుని ఉంటుంది.

ఆ ద్వారం తన చిన్నప్పటి ఇంట్లోకి. తల్లి లారా కొంగు యంత్రంలో చిక్కుకుంది. ఆ ప్రమాదంలోనే ఆమె కాళ్లు పోయాయి, ఆ రోజు నుంచే లూకా యంత్రాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. యంత్రం ఆపడానికి కొన్ని క్షణాలే ఉన్నాయి. తాళం తీసే మాట తల్లి పేరే. సూపర్ ఫామికామ్ కంట్రోలర్ మీద ఎల్, ఏ, ఆర్ అనే మీటలున్నాయి. ఎల్, ఏ, ఆర్, ఏ అని వరసగా నొక్కాలి. చేతిలోని వస్తువు మీది అక్షరాలతోనే కూతురు తల్లిని పిలవాలి. కత్తి తిప్పడానికి, మందు తాగడానికి అంతసేపూ వాడిన మీటలు అవే.

నొక్కలేకపోతే ఆట ఆగిపోదు, మళ్లీ ప్రయత్నించు అనదు. తల్లి కాళ్లు పోతాయి, లూకా తిరిగి వస్తుంది, కథ ముందుకు సాగుతుంది. 1000లో ఇంటికి వెళితే తల్లి కుర్చీలోనే కూర్చుని ఉంటుంది. నొక్కగలిగితే లేచి నడుస్తుంటుంది. లావోస్ అనే మహారాక్షసితో పోరుకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. చాలామంది ఆడినవారికి మాత్రం చివరి పోరాటంకన్నా ఈ నాలుగు మీటలే గట్టిగా గుర్తుంటాయి.

2300 సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1999లో భూగర్భం నుంచి లావోస్ బయటికొచ్చి లోకాన్ని కాల్చేశాక మిగిలిన కాలం అది. గుమ్మటాల కింద మనుషులు చిరిగిన బట్టల్లో వణుకుతుంటారు. ఒక పెట్టెలాంటి యంత్రంలోకి వెళ్లి వస్తే శక్తి అంతా తిరిగి వస్తుంది, కానీ ఆకలి మాత్రం తీరలేదు అని తెరమీద కనిపిస్తుంది. అంతకుమించి దుర్భర భవిష్యత్తు గురించి ఉపన్యాసం ఏమీ ఉండదు. గోదాములో ఆహారం ఉందని వెతుక్కుంటూ వెళితే, శీతలయంత్రం పాడై అంతా కుళ్లిపోయి, గుప్పిట్లో విత్తనం పట్టుకుని చనిపోయిన మనిషి ఒకడు దొరుకుతాడు. క్రోనో, మార్ల్, లూకా ముగ్గురూ చరిత్రను మార్చాలని నిర్ణయించుకునేది ఈ కాలంలోనే. వాళ్లను ఎవరూ పంపలేదు, జోస్యం ఏదీ లేదు. 1999 నాటి దృశ్యం ఒక పాత తెరమీద చూసి, ఊరుకోలేక పూనుకున్నారు. తాము పుట్టిన కాలానికి ఆ ప్రమాదం రావడానికి ఇంకా వెయ్యేళ్లుంది, వదిలేసి ఇంటికి పోతే అడిగేవాడు లేడు.

ఆడేవారి గడియారం

అప్పటి ఆటల్లో నాలుగడుగులు వేస్తే తెర మెరిసి, ఎక్కడా కనబడని శత్రువు ఊడిపడేవాడు. పోరాటానికి వేరే తెర, ముగిశాక మళ్లీ నడక, మళ్లీ మెరుపు. ఒక గుహ దాటేసరికి ఎటు పోతున్నామో మరచిపోయేవాళ్లు. క్రోనో ట్రిగర్‌లో శత్రువులు చాలావరకు కళ్లెదుటే తిరుగుతుంటారు, కొందరిని పక్కనుంచి తప్పించుకోవచ్చు, పోరు ఎదురైతే నిలబడిన చోటే జరుగుతుంది. తెర మారదు. మొత్తం కథ ఇరవై పాతిక గంటల్లో పూర్తవుతుంది. ఈ జాతి ఆటలకు అది చాలా తక్కువ.

పోరాటంలోనూ వృథా లేదు. క్రోనో గిరగిరా తిరిగి కొడితే దగ్గరగా నిలబడ్డ శత్రువులందరికీ తగులుతుంది, కనుక వాళ్లు ఒకచోట చేరేదాకా ఆగాలా వద్దా అన్న లెక్క వస్తుంది. ఇద్దరు పాత్రల వంతు ఒకేసారి సిద్ధమైతే జంట విద్యలు పనిచేస్తాయి. క్రోనో, కప్పరూపంలోని యోధుడు ఫ్రాగ్ ఇద్దరూ చెరోవైపు నుంచి దూకి శత్రువు మీద ఇంటూ గుర్తులా కత్తివేటు వేస్తారు. మార్ల్ మందు శక్తికి క్రోనో సుడి తోడైతే జట్టంతటికీ గాయాలు మానతాయి. ఎవరితో ఎవరు కలిస్తే ఏం పుడుతుందో చూడాలన్న కుతూహలం కొద్దీ జట్టు మారుస్తూ పోతారు, ఆ వంకన ఏ పాత్రా మూలనపడదు. కష్టం కోరుకునేవారికి మాత్రం ఆట తేలికనిపిస్తుంది. శత్రువుల బలం మొత్తమ్మీద మెత్తనే.

కాలాంతంలో ఒక మూల ఒక బక్కెట్ ఉంటుంది. అందులోకి దిగితే నేరుగా 1999, నేరుగా లావోస్ ముందు. ఆటలో ఇంకా సగం దారి కూడా నడవకముందే ఆ బక్కెట్ అందుబాటులోకి వస్తుంది. వెళితే నుజ్జునుజ్జు కావడం ఖాయం, కానీ వెళ్లొద్దని ఎవరూ తలుపు వేయరు. ఒకసారి ఆట ముగించాక, సంపాదించిన బలంతోనే మళ్లీ మొదటినుంచి ఆడే ‘న్యూ గేమ్ ప్లస్’ పద్ధతి ఉంది. ఈ మాట ఆటల లోకంలో స్థిరపడింది ఇక్కడినుంచే. ఆ బలంతో బక్కెట్‌లోకి, లేదా తిరునాళ్లలో లూకా పెట్టిన యంత్రంలోంచి ఎప్పుడు దూకి లావోస్‌ను చంపుతామో దాన్నిబట్టి ముగింపు మారుతుంది. కథలో ఎవరిని అప్పటికి కలిశాం, ఎవరిని కలవలేదు అన్నదే ముగింపు. ఒక ముగింపులో ఆట తయారు చేసినవాళ్లే చిన్న చిన్న బొమ్మలుగా ఒక గదిలో నిలబడి పలకరిస్తారు.

చనిపోయిన నాయకుడు

కథానాయకుడు నోరు విప్పడు. జపాన్ ఆటల్లో అది పాత పద్ధతే, ఆడేవారే అతను కనుక మాట అక్కర్లేదని. క్రీస్తుపూర్వం 12,000లో మేఘాల మీద తేలే జీల్ రాజ్యం ఉంది. మంత్రశక్తి ఉన్నవాళ్లు పైన వెలుగులో, లేనివాళ్లు కింద మంచులో గుహల్లో. పైవాళ్ల రాణికి లావోస్ శక్తి మీద వ్యామోహం. ఆమె కట్టించిన సముద్రగర్భ సౌధంలో లావోస్ మేలుకున్నప్పుడు క్రోనో ఒక్కడే లేచి ఎదురు నిలబడతాడు, కాంతిలో బూడిదైపోతాడు. ఇంతవరకు ఆడేవారి చేతిలో ఉన్న బొమ్మ జట్టులోంచి పోతుంది. ఆట ఆగదు.

అతణ్ణి తిరిగి తెచ్చుకోవడం తప్పనిసరి కాదు. తెచ్చుకోకుండానే లావోస్‌ను చంపి కథ ముగించొచ్చు. 1995లో ఇలాంటి ఆటలో ఇది మామూలు సాహసం కాదు. తేవాలంటే దారి చిత్రమైనది. తిరునాళ్లలో అచ్చం క్రోనోలా ఉండే బొమ్మ ఒకటి గెలుచుకోవాలి, కాలాంతంలోని ముసలాయన ఇచ్చిన ‘క్రోనో ట్రిగర్’ అనే గుడ్డు పట్టుకుని 2300లోని మృత్యుశిఖరం ఎక్కాలి, ఆగిపోయిన ఆ క్షణంలోకి వెళ్లి అతని స్థానంలో బొమ్మను పెట్టాలి. మరణాన్ని చెరిపేయరు, దాని లెక్క వేరేదానితో సరిపెడతారు. ఈ ఆట దర్శకుల్లో ఒకరైన యొషినొరి కితాసె రెండేళ్ల తర్వాత ‘ఫైనల్ ఫాంటసీ 7’కు దర్శకత్వం వహించాడు. అందులో ఒక ముఖ్యపాత్ర చనిపోతే తిరిగి తెచ్చే దారి అసలే ఉండదు. రెండూ ఆడినవారికి ఆ తేడా బాగా తగులుతుంది.

క్రోనో పోయిన కొద్దిసేపటికే కొండకొమ్మున మేగస్ ఒంటరిగా నిలబడి ఉంటాడు. సగం ఆటదాకా లావోస్‌ను పుట్టించిన దుర్మార్గుడని నమ్మించినవాడు. నిజానికి జీల్ రాణి కొడుకే అతను. చిన్నతనంలో 600వ సంవత్సరం చుట్టుపక్కలకు విసిరివేయబడి, తన అక్కను, ఇంటిని మింగిన లావోస్‌ను చంపడానికే పిలిపించాడు. ఫ్రాగ్‌ను కప్పగా మార్చినవాడూ, ఫ్రాగ్ స్నేహితుడు సైరస్‌ను చంపినవాడూ అతనే. ఇక్కడ పోరాడొచ్చు, లేదా వదిలేసి జట్టులో చేర్చుకోవచ్చు. చంపితే ముగింపులో ఫ్రాగ్ మనిషి రూపం తిరిగి పొందుతాడు. చేర్చుకుంటే బలమైన మాంత్రికుడు దొరుకుతాడు, ఫ్రాగ్ కప్పగానే మిగులుతాడు. ఏది సరైనదో ఆట చెప్పదు. ఇన్నేళ్లయినా అభిమానులు దీనిమీద కొట్టుకుంటూనే ఉన్నారు.

తయారు చేసినవారు

1992లో ‘ఫైనల్ ఫాంటసీ’ సృష్టికర్త హిరొనొబు సకగుచి, ‘డ్రాగన్ క్వెస్ట్’ రచయిత యూజి హొరీ, ‘డ్రాగన్ బాల్’ చిత్రకారుడు అకిరా తొరియామా కలిసి కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి రావడానికి అమెరికా వెళ్లారు. ఎవరూ చేయనిది ఏదైనా చేద్దామని అనుకున్నది అప్పుడే. పోటీ సంస్థల ప్రధాన ఆటలవాళ్లు ఇద్దరు ఒకచోట కలవడం అప్పట్లో పెద్ద వార్త, ‘కలల జట్టు’ అని ప్రచారం సాగింది. డ్రాగన్ బాల్ జీ చూస్తూ పెరిగిన మన కుర్రాళ్లకు క్రోనో నిక్కబొడుచుకున్న జుట్టు చూడగానే ఎవరి గీతో తెలిసిపోతుంది. తొరియామా 2024 మార్చి 1న కన్నుమూశాడు. అయితే ఆట నిండా కనిపించే తెగువలో ఎక్కువ వంతు ఆ ముగ్గురి కింద పనిచేసినవాళ్లది. కథలో సింహభాగం, ముఖ్యంగా జీల్ భాగం, రాసింది మసాటో కాటో.

సంగీతం యసునొరి మిత్సుదాది. ధ్వని సాంకేతికుడిగా చేరిన కుర్రాడు, పాటలు కట్టే పని ఇవ్వకపోతే మానేస్తానని సకగుచికే చెప్పి ఈ అవకాశం తెచ్చుకున్నాడు. అంత తెగించి తెచ్చుకున్నందుకు ఒళ్లు హూనం చేసుకున్నాడు, కడుపులో అల్సర్లతో ఆసుపత్రి పాలయ్యాడు. మిగిలిన కొన్ని పాటలు నొబువొ ఉయెమత్సు పూర్తి చేశాడు. సూపర్ ఫామికామ్‌లో శబ్దానికి ఉన్న జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు, ఒకేసారి మోగగలిగేవి ఎనిమిది ధ్వనులు. అందులోనే జీల్ రాజ్యానికి సితార్‌ను తలపించే మోతతో ఒక పాట కట్టాడు. మంచు తుఫానులోంచి మేఘాలపైకి రాగానే ఆ పాట మొదలవుతుంది. ఆ చోట ఆడేవారు మీటలు వదిలేసి కాసేపు వింటూ ఉండిపోవడం మామూలే.

జపాన్‌లోనే 20 లక్షలకు పైగా అమ్ముడైన ఈ ఆట, 1995 ఆగస్టులో అమెరికా చేరింది. యూరప్‌కు 2009లో చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ యంత్రానికి కూర్పు వచ్చేదాకా అధికారికంగా వెళ్లనే లేదు. ఇప్పుడు ఫోన్లలో, స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల అంగడిలో దొరుకుతుంది. 2018లో స్టీమ్‌కు వచ్చిన మొదటి రూపం ఫోన్ మీటల్నీ, మసకబారిన బొమ్మల్నీ అలాగే పెట్టి తిట్లు తిన్నది. ఆ తర్వాతి సవరణలతో చాలావరకు బాగుపడింది. డీఎస్ కూర్పులో ‘లాస్ట్ శాంక్టమ్’ అని కొత్తగా ఒక భాగం చేర్చారు. రెండు కాలాల్లో ఒకే కొండ, ఒక పల్లె. ఒకరు ఫలానాది తెమ్మంటారు, కొండ ఎక్కి తెచ్చిస్తే ఇంకొకరు మరొకటి తెమ్మంటారు, మళ్లీ అదే కొండ, మళ్లీ అవే శత్రువులు. కాలాలు రెండున్నా ఎవరి బతుకూ మారదు, ఎవరూ ఏదీ గుర్తు పెట్టుకోరు. మొదటిసారి ఆడేవారు దాన్ని ముట్టుకోకుండా వదిలేసినా పోగొట్టుకునేది ఏమీ లేదు.